ఎ. లలిత గారు: పిల్ల కోసమే ఇంజనీరింగ్ ఎంచుకున్న అమ్మ

గౌతమీ_తీరం:
ఏటా ఆగస్టు 27 వచ్చేసరికి వాట్సాప్‌లో ఒక పాత ఫోటో తిరుగుతుంది. మన దేశపు తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు తెలుగావిడ, బాల్యవివాహం, చిన్న వయసులోనే భర్త పోయారు, అయినా చదివారు. అంతే, నాలుగు ముక్కలు, కింద దండం బొమ్మలు. నాకు ఈ నాలుగు ముక్కలు చాలవనిపించి ఇక్కడ రాస్తున్నాను.

అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో అదే ఆగస్టు 27న మద్రాసులో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఏడుగురు పిల్లల్లో ఈవిడ ఐదో సంతానం. మగపిల్లలు ఇంజనీర్లయ్యారు, ఆడపిల్లల చదువు మాత్రం ఒక దశ దాకానే. పదిహేనో ఏట పెళ్లి. 1937లో భర్త పోయేనాటికి ఆవిడకి పద్దెనిమిదేళ్లు, ఒళ్లో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో మన ఇళ్లల్లో ఆ వయసు వితంతువు బతుకు ఎలా ఉండేదో ఇక్కడ పెద్దవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

తండ్రి ఆమెని మళ్లీ చదువులో పెట్టారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్ ఫస్ట్ క్లాసు. ఆ తర్వాత ఏం చదవాలి? అప్పట్లో చదువుకున్న ఆడవాళ్లకి పెద్ద దారి అంటే వైద్యమే. ఆవిడ వద్దన్నారు. ఎందుకంటే డాక్టరైతే అర్ధరాత్రి కబురొస్తే పసిపిల్లని వదిలి పరిగెత్తాలి. పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరే పని కావాలనుకున్నారు, తండ్రీ అన్నదమ్ములూ చేసే పని కళ్లముందే ఉంది, ఇంజనీరింగ్ అన్నారు. ఇది ఆవిడ కూతురు తర్వాత్తర్వాత చెప్పిన సంగతి.

నన్ను పట్టేసింది ఇదే. "తల్లయి ఉండి కూడా ఇంజనీరయ్యింది" అని రాస్తారు అందరూ. కాదండీ, తల్లి కాబట్టే ఇంజనీరయ్యింది. ఆ పాప లేకపోతే ఆవిడ ఏ స్కూల్లోనో టీచరో, ఏ ఆస్పత్రిలోనో డాక్టరో అయ్యేవారేమో. ఆ కాలేజీ గుమ్మం తొక్కించింది ఆ పసిపిల్లే అని నేను గట్టిగా నమ్ముతాను.

మీకు తెలిసినవి రాయండి. మీ ఇళ్లల్లో ఉద్యోగాలు చేసిన, ఊళ్లు తిరిగిన అమ్మల గురించి కూడా రాయండి, ఆవిడ పేరు మీద ఆ మాటలన్నీ ఒకచోట ఉంటే బాగుంటుంది.

సబ్‌స్టేషన్_శర్మ:
మంచి పని చేశావమ్మా. నేను విద్యుత్ బోర్డులో డిజైన్స్‌లో చేసి రిటైరయ్యాను. మా కుర్రతనంలో మా విభాగంలో ఆడ ఇంజనీర్లే లేరు, అంతకు ముప్పై ఏళ్ల క్రితమే ఈవిడ ఈ పని చేశారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కొంచెం వివరంగా చెప్తాను. 1940లో గిండీలో చేరారు, అన్ని వందలమంది మగపిల్లల్లో ఒక్క ఆడపిల్ల. ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారి దగ్గరా, పైన విద్యాశాఖ డైరెక్టరు స్టాథం దగ్గరా తండ్రే స్వయంగా మాట్లాడి అనుమతి తెచ్చుకున్నారు. మరుసటేడు కేరళ నుంచి లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అనే ఇద్దరు సివిల్‌లో చేరారు. యుద్ధం రోజులు కదా, ఇంజనీర్లు కావాలని కోర్సు కుదించారు, అలా ముగ్గురూ దాదాపు కలిసే బయటికొచ్చారు. పట్టాల మీద మగవాళ్లకి తగ్గట్టే అచ్చు వేసి ఉంటే కొట్టేసి చేత్తో దిద్ది ఇచ్చారట. త్రేసియా గారు 1971లో కేరళ పీడబ్ల్యూడీకి చీఫ్ ఇంజనీరు అయ్యారు, అదీ చిన్న విషయం కాదు.

లలిత గారు చదువులో భాగంగా బీహార్‌లోని జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఏడాది ప్రాక్టికల్ ట్రైనింగ్ చేశారు. 1862 నాటి వర్క్‌షాపు అది, ఆవిరి ఇంజన్ల రోజులు, ఇనుము, మసి, చెవులు పగిలే చప్పుడు. అక్కడ చీరకట్టుతో ఒక తెలుగు అమ్మాయి ఏడాది నెగ్గుకొచ్చింది. తర్వాత సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ సంస్థలో రెండేళ్లు. మధ్యలో లండన్ ఐఈఈ, అంటే అక్కడి ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ, పెట్టే పరీక్ష. ఆ తర్వాత కొన్నాళ్లు మద్రాసులో తండ్రితో పరిశోధన. 1948లో కలకత్తా, అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్, ఏఈఐ అంటాం. ఆ బ్రిటిష్ కంపెనీ 1967లో జీఈసీ చేతికి పోయింది, ఈవిడ మాత్రం 1977లో రిటైరయ్యేదాకా కదల్లేదు.

గౌతమీ_తీరం:
శర్మ గారూ, కలకత్తా ఎందుకో కూడా చెప్పాలి. తండ్రితో పరిశోధన ఆవిడకి ఇష్టమైన పనే, కానీ దాంతో ఇల్లు గడవదు, పిల్ల పెరుగుతోంది. కలకత్తాలో ఆవిడ అన్నదమ్ముల్లో ఒకరి కాపురం ఉంది. ఈవిడ ఆఫీసుకెళ్తే పాప వాళ్లింట్లో ఉండేది. అంటే ఉద్యోగం ఏ ఊళ్లో అన్నది కూడా పిల్లని చూసే మనిషి ఎక్కడుంటే అక్కడ. ఆ వదినో మరదలో ఎవరో గానీ ఆవిడ పేరు ఏ వ్యాసంలోనూ నా కంటపడలేదు. ఆవిడకీ ఒక దండం పెట్టాలి మనం.

విశాఖ_వెన్నెల:
ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మగ ఇంజనీర్ల గురించి రాసేటప్పుడు "పిల్లల్ని ఎవరు చూశారు" అని ఒక్కరైనా అడుగుతారా? ఇక్కడ మొదటి పోస్టు నుంచి పాప, పాప, పాప. ఆవిడ చేసిన పని గురించి శర్మ గారు రాసింది కూడా కాలేజీ, అనుమతి, చీర. ఆవిడ డ్రాయింగ్ బోర్డు మీద ఏం గీశారో చెప్పండి ముందు. నేను కూడా ఉద్యోగం చేసే తల్లినే, ఇంటర్వ్యూలో నన్ను మొదట అడిగిన ప్రశ్న పిల్లాడికి ఎన్నేళ్లు అని. అందుకే ఈ వరస చూస్తే నాకు మండుతుంది.

గౌతమీ_తీరం:
వెన్నెల గారూ, మీ మంట నాకు అర్థమవుతోంది, నన్నూ అడిగారు ఆ ప్రశ్న. కానీ పాపని పక్కన పెట్టేస్తే ఆవిడ తీసుకున్న నిర్ణయాలే మాయమైపోతాయి కదా. ఎందుకు ఇంజనీరింగ్, ఎందుకు కలకత్తా, ఎందుకు అమెరికా ప్రయాణం నలభై అయిదో ఏట గానీ కుదరలేదు, వీటన్నిటికీ జవాబు అక్కడే ఉంది. మగ ఇంజనీర్లని కూడా ఇదే ప్రశ్న అడగాలంటాను నేను, ఈవిడని మానేయడం కాదు. వాళ్ల పిల్లల్ని ఎవరు చూశారో రాస్తే ఎంతమంది ఆడవాళ్ల కష్టం బయటపడుతుందో ఆలోచించండి.

సబ్‌స్టేషన్_శర్మ:
వెన్నెలమ్మ అడిగింది న్యాయం. పని గురించే చెప్తాను.

ఏఈఐలో ఆవిడ చేసినవి ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైను, ప్రొటెక్టివ్ గేర్, సబ్‌స్టేషన్ లేఅవుట్లు, కాంట్రాక్టుల అమలు. ఒక్కొక్కటీ ఒక మనిషి జీవితకాలం పని. లేఅవుట్ అంటే ఖాళీ స్థలంలో బస్‌బార్లు (కరెంటు మోసే లావుపాటి కడ్డీలు) ఎక్కడ పోవాలి, ఐసొలేటర్, బ్రేకర్ (లైను విడదీసే స్విచ్‌లు), ట్రాన్స్‌ఫార్మర్ ఏ వరసలో రావాలి, వేటి మధ్య ఎంత దూరం ఉండాలి అన్నది తేల్చడం. ఒక బేలో, అంటే ఒక్కో లైనుకి కేటాయించిన యార్డు ముక్కలో, మనిషి ఎక్కి రిపేరు చేస్తుంటే పక్క బేలో కరెంటు పోతూనే ఉంటుంది. గీసిన మనిషి దూరం తప్పుగా లెక్కేస్తే పైనున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఎక్కడో కలకత్తాలో బల్ల దగ్గర కూర్చుని గీసిన గీత మీద ఆధారపడి, ఆ డిజైనర్ మొహం ఎన్నడూ చూడని మనిషి స్తంభం ఎక్కుతాడు. ఇది నేను కొత్తగా చేరిన ప్రతి పిల్లాడికీ చెప్పేవాణ్ణి.

ప్రొటెక్షన్ ఇంకా సున్నితం. పిడుగు పడుతుంది, వైరు తెగుతుంది, కొమ్మ తగులుతుంది. అప్పుడు లైన్లో పారే విపరీతమైన కరెంటుని కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ పట్టి రిలేకి, అంటే లోపాన్ని పసిగట్టే పరికరానికి, చెప్తుంది, రిలే బ్రేకర్‌ని పడగొట్టి లైను విడదీస్తుంది. అంతా సెకనులో ఒక చిన్న ముక్కలో అయిపోవాలి. అసలు చిక్కు ఏంటంటే చెడిన ముక్క మాత్రమే విడిపోవాలి, మొత్తం జిల్లా చీకటైపోకూడదు. ఏ రిలే ముందు పలకాలి, ఏది ఆగి చూడాలి అని ఒకదానితో ఒకటి పొందిక చేసి సెట్టింగులు ఇవ్వాలి. ఈ రోజు కంప్యూటర్ చేస్తుంది. అప్పుడు స్లైడ్ రూలు, లాగరిథం పట్టికలు, ట్రేసింగ్ కాగితం, అంతే.

భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. భాక్రా డ్యాం 226 మీటర్ల ఎత్తు, నెహ్రూ గారు 1963లో జాతికి అంకితం చేశారు. ఆ ఫోటోల్లో మనకి ఎప్పుడూ డ్యామే కనబడుతుంది, లోపల యంత్రాల వెనక ఎవరున్నారో కనబడదు.

రాయచోటి_వాడు:
అన్నీ బాగున్నాయి గానీ నా మాట కొంచెం వేరే. లలితమ్మ గారికి ప్రొఫెసర్ నాయన ఉన్నాడు, ఇంజనీర్ అన్నదమ్ములున్నారు. అది ఆమె గొప్పతనాన్ని తగ్గించేది కాదు, కానీ అట్లాంటి నాయన లేని ఆడోళ్లు కూడా ఊళ్లు దాటినారు, వాళ్ల గురించి రాసేవాళ్లు లేరు.

మా అమ్మ కువైట్ పోయింది. మా పక్క ఊళ్లల్లో ఇంటికొక ఆడమనిషి పోయింది ఆ కాలంలో. నాయన చనిపోయినాక నన్నూ చెల్లెల్నీ జేజి దగ్గర ఇడిచిపెట్టి పోయింది. అక్కడ ఒక ఇంట్లో వంట, పిల్లల్ని చూసుకునే పని. మమ్మల్ని ఇడిచిపెట్టి వాళ్ల పిల్లల్ని ఎత్తుకుంది. అప్పట్లో ఫోన్లు లేవు, క్యాసెట్లో మాట్లాడి ఊరికొచ్చే వాళ్లతో పంపించేది. జేజి టేపురికార్డరు పెట్టి ఇరుగుపొరుగును కూడా పిలిచేది, అమ్మ ఏడుపు వచ్చేచోట మాత్రం జేజి ఆపేసి మళ్లీ ముందుకు తిప్పేది.

1990 ఆగస్టులో ఇరాక్ వాళ్లు కువైట్‌లోకి వచ్చినప్పుడు అమ్మ ఆడనే ఉండింది. బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్, అమ్మాన్‌లో గుడారాల్లో ఉండి, ఎయిరిండియా విమానంలో బొంబాయి వచ్చింది. అప్పుడు మనవాళ్లని లక్షా డెబ్బై వేలమందిని అట్లా తీసుకొచ్చినారు. సంతకం పెట్టడం రాని మా అమ్మ మూడు దేశాలు దాటుకొని ఇంటికొచ్చింది. మళ్లీ రెండేళ్లకి మా ఫీజుల కోసం అదే కువైట్ పోయింది. నేను ఈ పొద్దు ఉద్యోగం చేస్తా ఉన్నానంటే ఆ రియాళ్లో దీనార్లో ఏవైతేనేం, ఆ దుడ్లే.

అది కూడా ఉద్యోగమే అనిపించుకోవాల. లలితమ్మ పేరు పక్కన మా అమ్మని కూడా రాసుకోండి.

గౌతమీ_తీరం:
తమ్ముడూ, రాసుకున్నాం. ఇలాంటి మాటల కోసమే అడిగాను నేను. నాన్న లేని పిల్లని ఇంట్లోవాళ్లకి అప్పజెప్పి పనికి వెళ్లడం ఇద్దరికీ ఒకటే. మీ జేజి గురించి ఇంకా రాయండి, ఆవిడ లేకపోతే మీ అమ్మ కువైట్ లేదు.

మున్నేరు:
నాది ఖమ్మం. మా అమ్మ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్. ఎస్టీడీ బూత్‌లు రాకముందు సంగతి. ట్రంకాల్ బుక్ చేస్తే ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని మూడు రకాలు, లైట్నింగ్‌కి డబ్బులు ఎన్నో రెట్లు, చావు కబురుకే చేసేవాళ్లు ఎక్కువగా. అందుకే రాత్రి డ్యూటీలో లైట్నింగ్ కాల్ వస్తే అమ్మకి ముందే తెలిసిపోయేదట ఏదో జరిగిందని. ఊళ్లో ఎవరింట్లో ఏమైందో మొదట తెలిసేది అమ్మకే, కానీ ఒక్క మాట ఇంటికొచ్చి చెప్పేది కాదు. మేం ఎంత అడిగినా "లైన్లో విన్నది లైన్లోనే" అనేది.

ట్రాన్స్‌ఫర్లు చాలా అయినయ్. ఆదిలాబాద్‌లో చలికి చచ్చినం, వరంగల్‌లో మంచిగుండె. నాన్న వ్యాపారం ఖమ్మంలో, సో అమ్మే మమ్మల్ని వెంటేసుకుని పోయేది, ఊరు మారినప్పుడల్లా స్కూలు మారింది. చిన్నప్పుడు కోపం వచ్చేది నిజమే. కానీ ఎల్‌టీసీ అని ఒకటుంటుంది సెంట్రల్ గవర్నమెంట్ వాళ్లకి, నాలుగేళ్ల బ్లాకులో ఒకసారి దేశంలో ఎక్కడికైనా పోవచ్చు. అమ్మ ఒక్క బ్లాకు కూడా వదల్లేదు. కన్యాకుమారి, డార్జిలింగ్, సిమ్లా. మా గల్లీలో మగవాళ్లు కూడా హైదరాబాద్ దాటని రోజుల్లో మేం మంచు చూసినం. సిమ్లాలో బొమ్మరైలు ఎక్కినప్పుడు అమ్మ కిటికీ దగ్గర నుంచి లేవనే లేదు, మాకు ఒక్కళ్లకి కూడా ఆ సీటు ఇయ్యలేదు. అప్పుడు గొడవపడినం గానీ, జీవితంలో అమ్మ తన కోసం పట్టుబట్టి తీసుకున్నది అదొక్కటే అనిపిస్తది నాకు.

లలిత గారు సిమ్లాలో పనిచేశారని ఇప్పుడు చదివి అమ్మకి చూపించిన. "చలికి అంత పొద్దున్నే ఆఫీసుకెట్ల పోయిందో" అన్నది.

టెక్సాస్_తెలుగమ్మాయి:
ఈ థ్రెడ్ చదువుతూ ఆఫీసులో కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాను.

1964 సంగతి ఎవరూ వివరంగా రాయలేదు. ఆ జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ సదస్సు జరిగింది. మన దేశంలో అప్పటికి అలాంటి సంఘం లేదు కాబట్టి లలిత గారు సొంతంగానే వెళ్లారు. 1965లో లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీ సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జ్‌లో రెండో సదస్సు జరిగితే మన దేశం నుంచి ఇంకా కొందరు ఆడవాళ్లు రావడానికి పూనుకుని పని చేశారు. ఐఈఈలో 1953లో అసోసియేట్, 1966లో పూర్తి సభ్యత్వం.

మొదటిసారి ఒక్కతే వెళ్లింది. రెండోసారికి ఇంకొందరు వెళ్లేలా చూసింది. నాకు ఆవిడ గురించి అన్నిటికంటే నచ్చింది ఇది. నేను పనిచేసే చోట మొదట నేనొక్కదాన్నే ఇండియన్ ఆడమనిషిని, ఆ ఒంటరితనం ఎలా ఉంటుందో తెలుసు. మీటింగులో అందరూ నవ్వుతున్నప్పుడు ఎందుకు నవ్వుతున్నారో అడగడానికి పక్కన ఒక మనిషి కావాలి.

నా కూతురు పుట్టినప్పుడు మా అమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చి చూసుకుంది, తర్వాత మా అత్తయ్య ఆరు నెలలు. ఇక్కడ ప్రతి తెలుగింట్లోనూ ఇదే వరస. గౌతమి గారు అన్న ఆ పేరు తెలియని మనిషి మా ఇళ్లల్లో ఇప్పటికీ ఉంది.

ఇఇఇ_మూడో_ఏడు:
నమస్తే అందరికీ. నేను ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) థర్డ్ ఇయర్, ప్రకాశం జిల్లా. మా క్లాసులో సగం పైన అమ్మాయిలమే, కానీ అందరం సాఫ్ట్‌వేర్ ప్లేస్‌మెంట్‌కే ప్రిపేరవుతున్నాం. నాకు పవర్ సిస్టమ్స్ చాలా ఇష్టం. ఇంట్లో చెప్తే "సబ్‌స్టేషన్‌లో ఆడపిల్లకి ఏం పని, ఊరవతల, రాత్రి షిఫ్టులు" అని అమ్మకి టెన్షన్. రెండు డౌట్లు. లలిత మేడం గారిది ఎక్కువ డిజైన్ ఆఫీసు పనేనా? నేను అసలు సబ్‌స్టేషన్ లోపలికి వెళ్లి చూడాలంటే ఎలా? మా కాలేజీలో ఇండస్ట్రియల్ విజిట్ అని గేటు దగ్గర ఫోటో దింపి తీసుకొచ్చేశారు.

విశాఖ_వెన్నెల:
చెల్లీ, మీ అమ్మగారికి ఈ థ్రెడ్ మొత్తం చదివి వినిపించు. ముఖ్యంగా రాయచోటి తమ్ముడి పోస్టు.

గౌతమీ గారూ, మీ జవాబు గురించి ఆలోచించాను. పాప గురించి రాయడం వద్దని కాదు నేను అన్నది, పనికి కూడా అంత చోటు కావాలని. శర్మ గారు రాసిన ఆ రిలేల పేరా పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో నేను ఎక్కడా చూడలేదు. లైన్‌మన్ ప్రాణం అన్న మాట దగ్గర ఆగిపోయాను.

గౌతమీ_తీరం:
ఆవిడ చివరి రోజులు ఎవరూ అడగలేదు గానీ చెప్పాలి. 1977లో రిటైరయ్యాక చెల్లితోనో అక్కతోనో కలిసి దక్షిణాది ఊళ్లన్నీ తిరిగొచ్చారు. ముప్పై ఏళ్లు కలకత్తాలో ఉండి మన వైపు ఊళ్లు చూడాలని మనసైనట్టుంది. తర్వాత ఆరోగ్యం చెడింది, 1979 అక్టోబరు 12న పోయారు. అరవై ఏళ్లే. రిటైరయ్యాక ఇంకో ఇరవై ఏళ్లు తిరగాల్సిన మనిషి. ఇది తల్చుకుంటే నాకు నిజంగా కడుపులో దేవినట్టుంటుంది, అంతకష్టపడిన మనిషికి విశ్రాంతి రెండేళ్లేనా అని.

మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అప్పటికి మన వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించి యాభై ఏళ్లు దాటిపోయింది, దారి లేదని కాదు. చేసుకోలేదంతే. అది ఆవిడ ఇష్టం, దాన్ని త్యాగమని పెద్ద పేరు పెట్టి రాసేవాళ్లంటే నాకు చిరాకు.

రాయచోటి_వాడు:
నిజం అక్కా. మా అమ్మని కూడా అందరూ త్యాగం అంటారు. అమ్మ మాత్రం అరబ్బీ ఎట్ల నేర్చుకుందో, ఆ ఇంటి పెద్దామె దగ్గర జీతం పెంచమని ఎట్ల కొట్లాడిందో చెప్పేటప్పుడే మొహం వెలుగుతుంది. ఇప్పటికీ అరబ్బీలో లెక్కలు చెప్తుంది, మా పిల్లోళ్లు అవే నేర్చుకుంటా ఉన్నారు.

సబ్‌స్టేషన్_శర్మ:
మూడో ఏడు అమ్మాయ్, నీ డౌట్లకి. లలిత గారిది ఎక్కువగా డిజైనూ, కాంట్రాక్టు పనీ. కానీ జమాల్‌పూర్‌లో ఏడాది చేత్తో పని చేశాకే ఆ బల్ల దగ్గర కూర్చున్నారు, అది గుర్తుపెట్టుకో. ఇప్పుడు కరెంటు సంస్థలైన ట్రాన్స్‌కోలోనూ డిస్కంలలోనూ అమ్మాయిలు ఏఈలుగా (అసిస్టెంట్ ఇంజనీర్లుగా) ఉన్నారు, షిఫ్టులు చేస్తున్నారు, రిలే టెస్టింగ్ చేస్తున్నారు. మీ అమ్మగారిని ఒకసారి అలాంటి అమ్మాయితో మాట్లాడించు, నేను చెప్పేదానికంటే అది పనిచేస్తుంది.

లోపల చూడాలంటే మీ హెచ్‌ఓడీ సంతకంతో ఒక ఉత్తరం రాసుకుని, మీకు దగ్గర్లో ఉన్న 132 కేవీ సబ్‌స్టేషన్ చూసే ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీర్) ఆఫీసులో ఇవ్వండి. ఐదారుగురు చాలు, బస్సు నిండా వెళ్తే ఎవరూ ఏమీ చెప్పరు. మధ్యాహ్నం పూట వెళ్లండి. యార్డులో మెటల్ చిప్స్, అంటే కంకర, పరుస్తారు, అవెందుకో అడుగు, బేలు లెక్కపెట్టు, తర్వాత కంట్రోల్ రూములోకి వెళ్లి రిలే ప్యానెల్ ముందు నిలబడి సింగిల్ లైన్ డయాగ్రం (సబ్‌స్టేషన్ మొత్తాన్ని గీతలతో చూపే బొమ్మ) అడుగు. కాగితం మీద గీతనీ బయట కనిపించే సామాన్నీ ఒక్కొక్కటిగా జత చూసుకో. డిప్లొమా చేసి ఇరవై ఏళ్లు అక్కడే పనిచేసిన ఆపరేటర్ ఎవరో ఒకరుంటారు, పుస్తకంలో లేనివి ఆయన దగ్గరుంటాయి. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని వెళ్లు. చున్నీ ముడేసుకో. చూసొచ్చాక ఇక్కడ రాయి, సింగిల్ లైన్ డయాగ్రంలో అర్థం కానిది ఉంటే ఫోటో తీయకుండా చేత్తో గీసి పెట్టు, నేను చెప్తాను.

ఇఇఇ_మూడో_ఏడు:
థ్యాంక్యూ బాబాయ్ గారూ. సోమవారం మా హెచ్‌ఓడీ మేడంని అడుగుతాను. నాతో ఇంకో ముగ్గురు అమ్మాయిలు వస్తామన్నారు.